మొనచాప, లోచాప, పగ్గం

తెరచాప అన్న మాటను విడదీస్తే తెర ఒకటి, చాప ఒకటి. రెండూ ఇంటి వస్తువులే. గాలిని పట్టడానికి కట్టిన గుడ్డకు పేరు కావలసివచ్చినప్పుడు మన పూర్వులు నిఘంటువులు తిరగేయలేదు. ఇంట్లో వాడుకలో ఉన్న మాటలనే పడవెక్కించారు. ఈ పద్ధతి నాకెంతో నచ్చుతుంది. పడవ తాళ్ళకూ ముందు తెరచాపలకూ తెలుగులో ఏమనాలి అన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా పట్టి పీడిస్తోంది. ఇదేదో పాండిత్యానికి సంబంధించిన సరదా అనుకునేవాడిని, ఒకనాటి సాయంత్రం వరకు. ఆ సంగతి చెప్పాలంటే ముందు పడవ సంగతి చెప్పాలి.

మాది పర్చూరు వైపు నల్లరేగడి. పత్తి, మిరప, శనగ, పొగాకు పండే నేల. తూర్పుగా ఒక పాతిక కిలోమీటర్లు పోతే సముద్రం. అయినా మాకు సముద్రమంటే కార్తీక పౌర్ణమి స్నానం, ఎండాకాలపు సాయంత్రాలలో చల్లగా వచ్చే పైరగాలి, తుఫాను హెచ్చరిక. అంతే. మిరపకాయ కళ్ళాల్లో ఎర్రగా ఆరుతున్నప్పుడు తూర్పున మబ్బు కనిపిస్తే చాలు, ఇంటిల్లిపాదీ పట్టాలు పట్టుకుని పరుగెత్తేవాళ్ళం. గాలితో మాకున్న పరిచయం అది. పడవతో పరిచయమన్నది లేనే లేదు.

నేను మొదటిసారి తెరచాప తాడు పట్టుకున్నది ఉద్యోగరీత్యా అమెరికాలో ఉన్న రోజుల్లో, మేరీలాండ్ రాష్ట్రంలోని అన్నాపోలిస్ అనే ఊళ్ళో. అక్కడి చెసపీక్ అఖాతం తెరచాప పడవలకు పుట్టిల్లు వంటిది. పడవ నాది కాదు. ఉద్యోగ విరమణ చేసిన ఒక బడిపంతులుది. 28 అడుగుల పొడవు, ఒకే స్తంభం. ఆయనకు శనివారాల్లో తోడొకరు కావాలి, నాకు కాలక్షేపం కావాలి. అలా మూడు వేసవులు ఆయన దగ్గర శిష్యరికం చేశాను.

ఆ పడవ 'కట్టర్' తరహాది. మామూలుగా ఒంటిస్తంభపు పడవకు స్తంభం వెనక ఒక పెద్ద తెరచాప, స్తంభం ముందు ఒకటి ఉంటాయి. కట్టర్‌లో స్తంభాన్ని కాస్త వెనక్కి జరిపి నిలబెడతారు. దానితో ముందువైపు చోటు పెరుగుతుంది. ఆ చోటులో ఒకటి కాక రెండు త్రికోణపు తెరచాపలు కడతారు. పడవ కొసనుంచి, లేదా కొసను దాటి ముందుకు పొడుచుకువచ్చిన దూలం మీదనుంచి, స్తంభం కొన దాకా లేచేది జిబ్. దానికి వెనగ్గా, స్తంభానికి దగ్గరగా, చిన్నదిగా ఉండేది స్టేసెయిల్. ఒక పెద్ద గుడ్డ చేసే పనిని రెండు చిన్న గుడ్డలకు పంచారన్నమాట.

ఎందుకు పంచారన్నది తెలిస్తే కట్టర్ గుట్టు సగం తెలిసినట్టే. గాలి వేగం రెట్టింపయితే తెరచాప మీద అది మోపే బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. 10 నాట్ల గాలిలో పిల్లవాడు కూడా పట్టుకోగల తాడు 20 నాట్లలో పెద్దవాడి అరచేతి తోలు ఒలిచేస్తుంది. పెద్ద ఓడలో అయితే పదిమంది కళాసులు ఉంటారు. చిన్న పడవలో ఉండేది ఇద్దరు, ఒక్కొక్కప్పుడు ఒక్కరే. అందుచేత ఒక్క మనిషి లొంగదీసుకోగలిగినంత గుడ్డనే ఒక్కొక్కసారి ఎత్తాలి, ఒక్కొక్కసారి దించాలి. గాలి ముదిరినప్పుడు జిబ్‌ను దించేసి, పెద్ద తెరచాపను కొంత మడిచి కట్టి, స్టేసెయిల్‌ను మాత్రం ఉంచుతారు. అప్పుడు మిగిలిన గుడ్డంతా స్తంభం దగ్గరికి, కిందికి చేరుతుంది. పడవ తక్కువ ఒరుగుతుంది. ముందు వెనుకల తూకం కూడా చెడదు. చుక్కాని చేతిలో తేలికగానే ఉంటుంది. చిన్నగా, దళసరిగా ఉండే ఆ లోపలి తెరచాపే తుఫానులో ఇంటి పెద్ద.

ఇక ఈ రెంటినీ నడిపే విధానం. తెరచాప వెనక మూలకు కట్టి మనం లాగే తాడును ఇంగ్లీషులో 'షీట్' అంటారు. మొదటిరోజు నేను షీట్ అంటే గుడ్డ అనుకున్నాను. అందరూ అలాగే అనుకుంటారట. ముందు తెరచాపకు ఈ తాళ్ళు రెండు, ఎడమకొకటి, కుడికొకటి. ఒకటి బిగువుగా పని చేస్తుంటే రెండోది వదులుగా కాచుకుని ఉంటుంది. ఎంత బిగించాలన్నది గుడ్డే చెబుతుంది. తెరచాప ముందంచు దగ్గర రెండువైపులా జానెడు ఊలుపోగులు అంటించి ఉంటాయి. రెండూ వెనక్కి చదునుగా పారుతుంటే సరిగ్గా ఉన్నట్టు. గాలివైపు పోగు ఎగిరెగిరి పడుతుంటే తాడు ఇంకా లాగాలి. అవతలివైపుది కొట్టుకుంటుంటే కాస్త వదలాలి. తూర్పారబట్టేటప్పుడు చేట ఎత్తేముందు గుప్పెడు పొట్టు జారవిడిచి గాలి చూసుకునే మా ఊరి రైతుకు ఈ పోగుల భాష వివరించనక్కరలేదు.

కట్టర్‌లో కష్టమంతా మలుపు దగ్గర. గాలికి ఎదురుగా ఏ పడవా నేరుగా పోలేదు. కొంతదూరం ఇటు, కొంతదూరం అటు, చాలు చివర నాగలి తిప్పినట్టు మలుపుతూ పైకి పోవాలి. మలుపులో పడవ మూతి గాలికి అడ్డం తిరిగినప్పుడు జిబ్ ఒకవైపునుంచి రెండోవైపుకు మారాలి. దానికి అడ్డంగా లోపలి తెరచాప కట్టిన ఇనుప మోకు ఉంటుంది. ఆ మోకుకూ, బయటి మోకుకూ నడుమ ఉన్న సందులోనుంచే అంత గుడ్డా, దాని తాళ్ళూ దూరిపోవాలి. తొందరపడితే తాడు చిక్కుకుంటుంది, గుడ్డ టపటపా కొట్టుకుంటుంది. ఆ పంతులుగారు నేర్పిన కిటుకు ఇది: ముందుగా లోపలి తెరచాపను ముట్టుకోవద్దు. అది పాతవైపే బిగిసి ఉండగా గాలి దాని వెనక్కి తగిలి పడవ మూతిని నెట్టి తిప్పుతుంది. ఈలోగా జిబ్ దాని నున్నటి గుడ్డ మీదుగా జారి అవతలికి పోతుంది. జిబ్ తాడు కొత్తవైపు బిగించిన తరువాతనే లోపలిదాన్ని వదిలి ఇటు మార్చాలి. బలంతో చేసే పనిని వరసతో చేయడమన్నమాట.

అదే లోపలి తెరచాపను కావాలని ఎదురువైపు కట్టేసి, చుక్కానిని దానికి విరుగుడుగా నిలిపితే పడవ ముందుకు పోక, వెనక్కి పోక, అలల మీద నెమ్మదిగా ఊగుతూ నిలబడుతుంది. కాడి దించకుండానే ఎద్దులను నిలబెట్టి చెట్టు నీడన చద్ది తిన్నట్టు, నడిసముద్రంలో టీ కాచుకుని తాగవచ్చు.

ఇప్పుడు ఆ సాయంత్రం సంగతి. రెండో వేసవిలో అమ్మ ఆరునెలలు మా దగ్గర ఉండడానికి వచ్చింది. పంతులుగారు ఆమెను పడవకు పిలిచారు. లైఫ్ జాకెట్ చీర మీదనే తొడుక్కుని, తెరచాప నీడ పడే పల్లపు వైపున కూర్చుంది. చెసపీక్‌లో వేసవి సాయంకాలాలు మన వైశాఖమాసపు గాలివానల వంటివే. పడమట నల్లటి మబ్బు లేచింది. ఇంకా అది మా మీదికి రాకముందే జిబ్ దించేయడానికి పంతులుగారు మూతివైపు వెళ్ళారు. నేను చుక్కాని పట్టుకున్నాను. మేమనుకున్నదానికంటె గాలి ముందే వచ్చింది. పడవ ఒరిగింది. జిబ్ బిగుసుకుపోయింది. ఆ బిగువులో తెరచాపను మోకుకు తగిలించిన కొక్కేలు జారవు. వెనక షీట్ వదిలితే తప్ప గుడ్డ కిందికి రాదు. ఆయన అక్కడినుంచి ఏదో అరుస్తున్నారు. షీట్ చుట్టి ఉన్న ఇనుప డోలు అమ్మ మోచేతి పక్కనే ఉంది. నేను చుక్కాని వదిలి అక్కడికి పోలేను. షీట్ అంటే అమ్మకు తెలియదు. ఈజ్ అంటే తెలియదు.

"అమ్మా, పగ్గం వదులు! మెల్లగా!" అని అరిచాను.

ఆలోచించి అన్న మాట కాదు. నోటికి వచ్చింది. అమ్మ ఆ తాడు వంకా, గుడ్డ వంకా ఒక్కసారి చూసింది. ముడి విప్పింది. అంతటితో చేతిలోనుంచి జారవిడవలేదు. డోలుకు ఒక చుట్టు ఉంచుకుని, బెత్తెడు బెత్తెడు చొప్పున వదిలింది. ఆ ఒక్క చుట్టూ లేకపోతే తాడు కొరడాలాగా ఎగిరి, మూతి దగ్గర మోకాళ్ళ మీద ఉన్న మనిషి ముఖానికి తగిలేది. జిబ్ నెమ్మదించింది, ఆయన లాగి కిందికి దించి కట్టేశారు. లోపలి చిన్న తెరచాపతో, మడిచిన పెద్ద తెరచాపతో పడవ తేరుకుని నిటారయింది. తరువాత వాన.

ఒడ్డు చేరాక పంతులుగారు ఇంత నేర్పు ఎక్కడిదని అడిగారు. నేను అనువదించి చెప్పాను. అమ్మ తేలిగ్గా తీసేసింది. "దీనికేముందిరా, పొగరుబోతు గిత్తను గుంజకు ఒక చుట్టేసి పలుపు వదిలినట్టే గదా. ఒక్కసారి వదిలేస్తే అది పొడవదూ?" అంది.

అప్పటినుంచి నాకు మాటల వేట పట్టుకుంది. వెతికితే నాకు తెలిసిన మాటలే ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. నావికుడు పడవ మీద ఏ తాడునూ తాడు అనడు. పని ఏదో పేరూ అదే. మన రైతూ అంతే. గొడ్డును గుంజకు కట్టేది పలుపు. నడిపేది పగ్గం. లావుపాటిది మోకు. బావిలో నీళ్ళు తోడేది చేంతాడు. తెరచాపను గిలక మీదుగా పైకి లాగే హాలియర్డ్‌కు గిలక మీద నడిచే చేంతాడు కంటె దగ్గరి చుట్టం ఎవరున్నారు? స్తంభాన్ని కదలకుండా నిలిపే స్టే మోకు కాక మరేమిటి? ముందు తెరచాప మూలకు ఎడమా కుడీ రెండు తాళ్ళు కట్టి నడుపుతున్నామంటే అవి పగ్గాలే. పడవ కొసను దాటి ముందుకు పొడుచుకువచ్చే దూలాన్ని బండి నొగ చూసినవాడు ఇంకో పేరుతో పిలవడు.

ఇంకొక విశేషం. ఇంగ్లీషు నావికులు పడవమీద ఎడమ, కుడి అనరు. పోర్ట్, స్టార్‌బోర్డ్ అంటారు. మనిషి ఎటు తిరిగినా మారకుండా ఉండాలని ఆ ఏర్పాటు. తెలుగులో దానికి సరిజోడు ఉంది. కాడికి ఎడమన కట్టేది దాపట ఎద్దు, కుడిన కట్టేది ఎలపట ఎద్దు. నిఘంటువుల్లో దాపల, వలపల అని ఉంటాయి. బండివాడు వెనక్కి తిరిగి కూర్చున్నా దాపట దాపటే. పడవకు కావలసినది సరిగ్గా అదే.

ఇక రెండు ముందు తెరచాపలు. మొన దగ్గరిది మొనచాప, లోపలిది లోచాప. పెద్దది పెద్దచాపే. 'అగ్రవాతపటము' అని కూడా అనవచ్చు. కాని ఆ మాట పూర్తయ్యేలోపల గాలి పని కానిచ్చేస్తుంది. పడవ మీద మాటకు ఉండవలసిన మొదటి గుణం గాలిలో అరవడానికి వీలుగా ఉండడం, రెండోది విన్న మనిషి చేతికి తిన్నగా అందడం. కొత్త మాటలు పుట్టించే ఉత్సాహం మనలో చాలామందికి ఉంది, నాకూ ఉంది. ఆ సాయంత్రం తరువాత నా గీటురాయి మాత్రం మారింది: ఈ మాటను అమ్మకు అరిచి చెబితే తాడు వదులుతుందా?

మనకు అసలు ఓడలే లేవు కనుక మాటలు లేవనుకుంటే పొరపాటు. శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు స్తంభాల ఓడ, దాని మోకులతో సహా కనిపిస్తుంది. మా ఊరికి అంత దగ్గర్లోని మోటుపల్లి కాకతీయుల రేవు. గణపతిదేవుడు 1244లో అక్కడ అభయశాసనం వేయించాడు. అంతకుముందు రాజులు గాలివానకు కొట్టుకువచ్చి పగిలిన ఓడల సరకంతా లాగేసుకునేవారనీ, తాను ఏర్పాటయిన సుంకం మాత్రమే తీసుకుంటాననీ అందులో మాట ఇచ్చాడు. సుంకం ముప్ఫయ్యోవంతు. ప్రాణాలకంటె ప్రియమైన ధనాన్ని పణంగా పెట్టి సముద్రం మీదికి పోయినవారి మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం అని కారణమూ చెప్పుకున్నాడు. ఆ శతాబ్ది చివర మార్కో పోలో ముత్ఫిలి అని రాసింది ఈ రేవునే. ఇక్కడి సన్నటి నూలుబట్టను సాలెగూడుతో పోల్చాడు. మరికొంత ఉత్తరాన నిజాంపట్నంలో 1606లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు దిగారు. అన్ని ఓడలు వచ్చిపోయిన తీరంలో తాళ్ళకు పేర్లు లేకుండా ఉంటాయా?

తరువాతి కాలంలో కాలువలున్నాయి. కృష్ణ నీళ్ళు తెచ్చే కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువను కలుస్తుంది. 1876-78 కరువు పనుల్లో విస్తరించిన ఆ కాలువ మద్రాసు దాటి మరక్కాణం దాకా 420 కిలోమీటర్లు పోతుంది. అనువైన గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీదినుంచి తాడు కట్టి లాగుడు, లేదా గెడ. మా నాయనమ్మ చిన్నతనంలో ఆ పడవలెక్కినదే. రైలూ, లారీ వచ్చాయి, తుఫానులు గట్లు తెంచాయి, పడవలు పోయాయి. వాడరేవులో, కొత్తపట్నంలో బెస్తల తెప్పలకూ పడవలకూ ఇంజన్లు వచ్చాక తెరచాప అక్కడా మూలపడింది. మాటలు శాసనాల్లో బతకవు. పని చేసే నోళ్ళలో బతుకుతాయి. పని ఆగితే మాట ఆగుతుంది. పగ్గం, పలుపు ఇంకా బతికి ఉన్నాయంటే మొన్నమొన్నటి దాకా ఎద్దులు ఉన్నాయి కనుక. ట్రాక్టర్లు వచ్చి ఇన్నేళ్ళయింది. ఇంకొక తరం గడిస్తే ఇవీ కాలువ పడవల వెంట పోతాయి. వాటికి మళ్ళీ ఒక పని దొరికితే బాగుండునన్నదే నా ఆరాటం.

ఆ పని ఎక్కడుందంటారా? 2017 సెప్టెంబరు 10న గోవానుంచి బయలుదేరి, 2018 మే 21న తిరిగివచ్చిన భారత నౌకాదళం వారి తారిణి సంగతి మీకు తెలిసే ఉంటుంది. 55 అడుగుల పడవ, 25 మీటర్ల స్తంభం, ఆరుగురు స్త్రీలు, 254 రోజులు. వర్తికా జోషి నాయకురాలు. ఆ ఆరుగురిలో ఇద్దరు మనవాళ్ళు, విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. తారిణికి ఉన్న ఆరు తెరచాపలలో జెనోవా అనే పెద్ద మొనచాపా ఉంది, స్టేసెయిల్ అనే లోచాపా ఉంది. పసిఫిక్ దాటేటప్పుడు 60 నాట్లకు పైబడిన గాలి, ఏడు మీటర్ల అలలు ఎదురయ్యాయి. ఇందాక చెప్పిన లెక్క ప్రకారం 10 నాట్ల గాలికి అది ముప్ఫయ్యారింతల బలం. అదే పడవమీద 2024 అక్టోబరు నుంచి 2025 మే వరకు దిల్నా, రూప అనే ఇద్దరే ఇద్దరు అధికారిణులు భూమిని చుట్టివచ్చారు. రెండు జతల చేతులు! గుడ్డను చిన్న ముక్కలుగా పంచుకోవడంలోని విలువ ఇంతకంటె ఎవరు చెప్పగలరు?

నౌకాదళానికి నా మాటలతో పని లేదు. వారి ఆజ్ఞల భాష వారికుంది. నా కన్ను హుస్సేన్ సాగర్ మీద ఉంది. అక్కడ యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ వారు సర్కారు బడుల పిల్లలకు, పేదింటి పిల్లలకు తెరచాప పడవ నడపడం నేర్పుతున్నారు. పిల్లలు మొదట ఎక్కే ఆప్టిమిస్ట్ పడవకు ఉండేది ఒకే తెరచాప. కాస్త ఎదిగి, ఇద్దరు కలిసి నడిపే పడవ ఎక్కినప్పుడు ముందు తెరచాప తాడు చేతికి వస్తుంది. అప్పుడు వెనకనున్న పిల్ల ముందున్న పిల్లకు ఏదో ఒకటి అరిచి చెప్పాలి. ఇంగ్లీషు మాట నేర్చుకుంటే నష్టమేమీ లేదు, పోటీలకు అది కావాలి కూడా. కాని మొదటిరోజు గాలి ఉన్నట్టుండి విసిరినప్పుడు, అర్థం వెతుక్కునే వ్యవధి లేనప్పుడు, పుట్టినింటి మాట ఒకటి నోటికి అందుబాటులో ఉండాలి.

అందుకని ఈ నాలుగు మాటలూ ఇక్కడ పెడుతున్నాను. మొనచాప, లోచాప, పెద్దచాప. ఎత్తేది చేంతాడు, నడిపేది పగ్గం, నిలిపేది మోకు. ముందుకు పొడుచుకువచ్చేది నొగ. ఎడమ దాపట, కుడి ఎలపట. కాలువ పడవల మీద బతికిన పెద్దలు ఎవరి ఇంట్లోనైనా ఉంటే, తీరం వెంట తెప్పలు నడిపినవారు ఎవరికైనా తెలిసి ఉంటే, వారు ఈ తాళ్ళను ఏమని పిలిచేవారో అడిగి చెప్పండి. వారి మాట దొరికిన చోట నా మాట చెరిపేసి అదే రాసుకుంటాను.